ఎకో నార్మల్, రిస్క్ మాత్రం కాదు: వీపీసీలతో వచ్చిన ఒక కేసు

ఈ కేసు రాయడానికి రోగి అనుమతి ఉంది. ఆయన ఎవరో తెలిసే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. మా నిర్ణయాలకు ఆధారమైన అంకెలను, పరీక్షల ఫలితాలను మాత్రం ముట్టుకోలేదు.

నేపథ్యం

నలభై దాటిన మగమనిషి. బీపీ, షుగర్ లేవు, పొగ తాగడు. చాలా ఏళ్లుగా దూరపు పరుగు అలవాటు. కొంతకాలంగా గుండె ఒక్క క్షణం ఆగి, ఆ వెంటనే గట్టిగా ఒక దెబ్బ కొట్టినట్టు అనిపిస్తోందని అప్పటికే డాక్టర్లను కలిశాడు. థైరాయిడ్, పొటాషియం, మెగ్నీషియం చూశారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 24 గంటలు ఒంటి మీదే ఉండి గుండె లయను రాసుకునే హోల్టర్‌లో మొత్తం బీట్లలో 14 శాతం వీపీసీలు (జఠరికల్లో, అంటే గుండె కింది గదుల్లో, సమయానికి ముందే పుట్టే అదనపు బీట్లు), ఒకచోట వరుసగా ఐదు. ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్) ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఒక్కో బీట్‌కు ఎడమ జఠరిక బయటికి నెట్టే రక్తం వంతు, 56 శాతం, కవాటాలు మామూలే. "నిర్మాణం బాగున్న గుండెలో వచ్చే వీపీసీలు ప్రమాదం కాదు" అని చెప్పి పంపారు.

ఆ వాక్యంలో తప్పేమీ లేదు. రోజూ నేనూ ఎంతోమందికి అదే చెబుతాను. బరువంతా "నిర్మాణం బాగున్న" అనే షరతు మీద ఉంది. ఆ షరతు తీరిందని దేన్ని చూసి అనుకున్నాం అన్నదే ఈ కేసు.

మా దగ్గరికి ఎందుకు వచ్చాడు

పరిగెత్తుతూ ఉండగా పడిపోయాడు. కొన్ని క్షణాల్లో తెలివి వచ్చింది, మోచెయ్యి గీరుకుపోయింది. ఎండ దెబ్బ అన్నారొకరు, నీళ్లు తక్కువ తాగి ఉంటావన్నారు ఇంకొకరు. నేను గుచ్చి గుచ్చి అడిగింది ఒకటే: పరుగు ఆపాక పడ్డారా, పరుగులోనే పడ్డారా? పరుగు ఆపి నిలబడ్డాక, ముందు చెమట పట్టి, వికారం పుట్టి, కళ్లు చీకట్లు కమ్మి పడిపోతే చాలావరకు రక్తపోటు జారిపోవడం వల్లనే. ఈయన పరుగు మధ్యలో, ఏ హెచ్చరికా లేకుండా పడ్డాడు. అలా పడితే, కాదని తేలేదాకా అది లయ తప్పడం వల్లనే జరిగిందని అనుకోవాలి.

కుటుంబ చరిత్ర మొదటిసారి అడిగితే "గుండె జబ్బులు ఎవరికీ లేవండీ" అన్నాడు. ఆ ప్రశ్నకు చాలామంది ఇచ్చే జవాబే అది. అందుకే నేను ఇంకోలా కూడా అడుగుతాను: చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా? నిద్రలో? ఈత కొడుతూ? బండి నడుపుతూ? అప్పుడు మేనమామ సంగతి బయటికొచ్చింది. నలభై నిండకముందే నిద్రలో పోయాడు. గుండెపోటు అని అందరూ అనుకున్నారు, పోస్ట్‌మార్టం జరగలేదు.

పాత కాగితాలన్నీ తెమ్మంటే ఇంకొకటి దొరికింది. కొన్నేళ్ల కింద ఛాతీ నొప్పితో ఆసుపత్రిలో చేరాడు, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) కాస్త పెరిగింది, యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఏదో వైరస్ అన్నారు. నొప్పి తగ్గింది, దాన్ని అందరూ మరిచిపోయారు, ఆయనతో సహా.

ఈసీజీ ముందే చెప్పిన మాటలు

స్కాన్‌ల గురించి రాస్తూ ఈసీజీ దగ్గర ఆగడం వింతగా అనిపించవచ్చు. కానీ ఏ స్కాన్ చేయించాలో, దాన్నుంచి ఏం అడగాలో నాకు చెప్పింది ఈసీజీయే.

మనం భయపడనక్కర్లేని వీపీసీల్లో ఎక్కువ భాగం కుడి జఠరిక నుంచి రక్తం బయటికెళ్లే దారి దగ్గర పుడతాయి. వాటికి ఈసీజీలో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ పోలిక ఉంటుంది (బీట్ కుడి వైపు పుట్టి ఎడమకు పాకినట్టు), యాక్సిస్, అంటే విద్యుత్తు సాగే దిశ, కిందికి చూస్తుంది. ఈయన వీపీసీలు రైట్ బండిల్ పోలికలో, యాక్సిస్ పైకి తిరిగి, వెడల్పుగా ఉన్నాయి. అంటే ఎడమ జఠరిక కింది, పక్క గోడల వైపు నుంచి పుడుతున్నాయి. హోల్టర్‌ను మళ్లీ తిరగేస్తే వాటిలో రెండు ఆకారాలున్నాయి. మామూలు బీట్లలో చూస్తే లింబ్ లీడ్లలో (చేతులకు, కాళ్లకు పెట్టేవి) వోల్టేజీ తక్కువ, ఛాతీ ఎడమ పక్కన పెట్టే వీ5, వీ6లలో టీ వేవ్ తలకిందులు. రిపోర్టులో దాన్ని "నాన్ స్పెసిఫిక్" అని రాశారు. ఒక్కదాన్నే విడిగా చూస్తే నిజంగానే దానికి ప్రత్యేకమైన అర్థం లేదు. ఆ వీపీసీల పక్కన పెట్టి చూస్తే ఉంది.

అన్ని ఏర్పాట్లూ దగ్గర పెట్టుకుని ట్రెడ్‌మిల్ చేయించాం. అమాయకమైన వీపీసీలు సాధారణంగా వేగం పెరిగేకొద్దీ మాయమవుతాయి. ఈయనకు పెరిగాయి. జంటలుగా వచ్చాయి, ఆకారం మారుతూ మూడేసి వరుసగా వచ్చాయి. అక్కడితో ఆపేశాం. ఆ రోజే బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని, ఉద్రేకాన్ని తగ్గించే మందు) మొదలుపెట్టి, పరుగు మానమన్నాను. పరుగు మానమన్న మాట ఆయనకు రోగం పేరు కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

ఎకోను మళ్లీ చూడటం

మొదటి ఎకోలో 56 అని వచ్చిన అంకెను తీసిపారేయలేదు. ఏ బీట్ మీద కొలిచారో చూశాను. వీపీసీ తర్వాత గుండెకు కాస్త ఎక్కువ విరామం దొరుకుతుంది, జఠరిక బాగా నిండుతుంది, కండరంలో కాల్షియం కూడా పోగవుతుంది. దాంతో ఆ తర్వాతి బీట్ మామూలు కన్నా గట్టిగా కొడుతుంది. ఆయన ఫిర్యాదు చేసిన "గట్టి దెబ్బ" అదే. ఆ బీట్ మీద కొలిస్తే ఫ్రాక్షన్ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. వీపీసీ మీదే కొలిస్తే మరీ తక్కువగా వస్తుంది. ముందు వరుసగా రెండు మామూలు బీట్లు ఉన్న చోటు వెతికి కొలవాలి. వీపీసీలు ఇంత తరచుగా ఉన్నవాళ్లలో అలాంటి చోటు దొరకడానికి ఓపిక కావాలి. గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోనూ ఇదే తంటా. అక్కడ ప్రతి బీట్ నిడివీ వేరు కాబట్టి ఒక్క బీట్‌ను నమ్మకుండా కొన్నిటి సగటు తీస్తాం.

అలా ఓపిగ్గా కొలిస్తే 52 వచ్చింది. బీట్‌లో కండరం పొడవు ఎంత శాతం కుదించుకుందో కొలిచే స్ట్రెయిన్ పద్ధతిలో గ్లోబల్ లాంగిట్యూడినల్ స్ట్రెయిన్ మైనస్ 16. మామూలు గుండెలో మైనస్ 20 దరిదాపుల్లో ఉంటుంది. తగ్గుదల అంతటా సమానంగా లేదు, ఎడమ జఠరిక కింది పక్కగోడలోనే ఎక్కువ. వీపీసీలు ఎక్కడి నుంచి వస్తున్నాయని ఈసీజీ చెప్పిందో అదే చోటు. లయ తప్పినప్పుడు స్ట్రెయిన్ సాఫ్ట్‌వేర్ కూడా తడబడుతుంది కాబట్టి, ఈ ఒక్క అంకె చూసి నేను ఏ నిర్ణయమూ తీసుకోను. కానీ రెండు వేర్వేరు పరీక్షలు ఒకే గోడను చూపించాక తప్పుకుపోవడానికి వీల్లేదు.

ఆయన అడిగాడు: "ఎకో బాగానే ఉందన్నారు కదండీ, మళ్లీ ఈ ఎమ్మారై ఎందుకు?" నేను చెప్పింది: తలుపు తీస్తే తెరుచుకుంటోంది, వేస్తే మూసుకుంటోంది. అంతమాత్రాన కలపలో చెద లేదని చెప్పలేం. ఎకో చెప్పేది గుండె కదలిక గురించి. కండరం లోపల ఏముందో ఎమ్మారై చెప్పాలి.

పనికిరాని మొదటి ఎమ్మారై

ఇక్కడే ఆగిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండింది.

గుండె ఎమ్మారైలో మనం చూసే కదిలే బొమ్మ ఒక్క బీట్‌లో తీసింది కాదు. ఊపిరి బిగబట్టిన కొన్ని సెకన్లలో వచ్చిన చాలా బీట్ల నుంచి ముక్కలు ముక్కలుగా సమాచారం పోగేసి, ఈసీజీలోని ఆర్ వేవ్ ఆధారంగా అతికిస్తారు. ప్రతి బీటూ ముందు దానిలాగే ఉంటుందన్న నమ్మకం మీద ఆ లెక్కంతా నడుస్తుంది. ఈయన ఆ రోజు యంత్రంలో పడుకున్నంతసేపూ దాదాపుగా బైజెమినీలోనే ఉన్నాడు, ఒకటి మామూలు బీటు, ఒకటి వీపీసీ. గోడల అంచులు చెదిరిపోయాయి. గ్యాడోలినియం (మచ్చను తెల్లగా చూపించే ఇంజెక్షన్) ఇచ్చాక మచ్చ కోసం, అంటే కండరం పోయి మిగిలిన గట్టి కణజాలం కోసం, తీసే బొమ్మల్లో నీడలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

రిపోర్టు నిజాయితీగానే ఉంది: "బొమ్మల నాణ్యత తక్కువ, స్పష్టమైన మచ్చ కనిపించలేదు." ఇలాంటి వాక్యాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఒక డాక్టరు దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి చేరేలోగా మొదటి సగం రాలిపోతుంది. "ఎమ్మారైలో మచ్చ లేదు" అన్నదే మిగులుతుంది.

కేసు చర్చలో నాలుగు దారులు వచ్చాయి.

మచ్చ లేదన్నట్టే తీసుకుని ఫ్లెకెనైడ్ లాంటి మందుతో వీపీసీలు అణచడం ఒకటి. 1989లో కాస్ట్ ట్రయల్‌లో, గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్లలో ఫ్లెకెనైడ్, ఎన్‌కెనైడ్ వీపీసీలను చక్కగా తగ్గించాయి, మరణాలను మాత్రం పెంచాయి. అది గుండెపోటు మచ్చ, ఇక్కడున్నది ఏమిటో ఇంకా తెలియదు. కానీ మచ్చ ఉందో లేదో తేలనప్పుడు ఆ మందు ఇవ్వడమంటే, ఆడలేని జూదం ఆడటమే.

రెండోది అబ్లేషన్, అంటే గుండెలోకి తీగ పంపి వీపీసీలు పుట్టే చోటును కాల్చడం. 14 శాతం వీపీసీలు తమంతట తామే గుండెను బలహీనపరచగలవు, ఆ వాదనను కొట్టిపారేయలేం. అయితే వీపీసీలకు రెండు ఆకారాలున్నాయి, పుట్టే చోటు గోడ బయటి పొరలో ఉండే అవకాశం ఉంది. అక్కడికి లోపలి నుంచి చేరడం కష్టం. అసలు మాట, వీపీసీలను కాల్చేసినా వాటిని పుట్టించే కండరం అలాగే ఉంటుంది. హోల్టర్ శుభ్రపడితే మనకు ధైర్యం వస్తుంది, రిస్క్ తగ్గిందన్న హామీ రాదు.

మూడోది చర్మం కింద లూప్ రికార్డర్ పెట్టి కనిపెట్టుకుని ఉండటం. కారణం తెలియని స్పృహ తప్పడంలో నాకు ఇష్టమైన పరికరమే. కానీ అది జరిగినదాన్ని రాసుకుంటుంది, ఆపదు. పరుగు మధ్యలో పడిపోయి, మేనమామ నిద్రలో పోయిన మనిషిలో తర్వాతి ఘటన కోసం ఎదురుచూడటం నాకు సమ్మతం కాలేదు.

నాలుగోది ఎమ్మారై మళ్లీ చేయడం. ముందున్న అనుమానం బలంగా ఉన్నప్పుడు, మసకబారిన బొమ్మలో ఏమీ కనిపించకపోతే అనుమానం తగ్గదు. బొమ్మ కుదరలేదని మాత్రమే తెలుస్తుంది. దీన్నే ఎంచుకున్నాం.

రెండోసారి ఏం మార్చాం

బీటా బ్లాకర్ మోతాదు పెంచి, వీపీసీలు కాస్త సద్దుమణిగాక స్కాన్ పెట్టుకున్నాం. అంతకన్నా ముఖ్యంగా, రేడియాలజీ సహచరుడితో ముందే కూర్చుని ఈసీజీ స్ట్రిప్ చూపించాను. కదలికల కోసం రియల్ టైమ్ సినీ (అప్పటికప్పుడు తీసే కదిలే బొమ్మ) తీశారు. బొమ్మ స్పష్టత కొంత తగ్గుతుంది గానీ వేర్వేరు బీట్లను అతికించే పని ఉండదు. మచ్చ కోసం ఒక్కో బొమ్మనూ ఒకే బీట్‌లో, ఊపిరి మామూలుగా తీసుకుంటుండగానే పట్టి, తర్వాత కదలికను సరిచేసే పద్ధతి వాడారు. అనుమానం వచ్చిన ప్రతి మచ్చనూ ఇంకో కోణంలోంచి కూడా తీయమన్నాను. నిజమైన మచ్చ కోణం మారినా ఉంటుంది, నీడ అయితే ఉండదు.

ఈసారి ఎజెక్షన్ ఫ్రాక్షన్ 48. ఎడమ జఠరిక పరిమాణం దాదాపు మామూలే, కుడి జఠరిక బాగుంది. టీ2 మ్యాపింగ్‌లో వాపు లేదు. గ్యాడోలినియం ఇచ్చిన పది నిమిషాల తర్వాత తీసిన బొమ్మల్లో పక్కగోడ బయటి పొర వెంట తెల్లని గీత కనిపించింది. అది కింది గోడ మీదుగా వచ్చి, రెండు జఠరికల మధ్య గోడలో నడిమి పొరలోకి సాగింది. ఒకే అడ్డుకోతలో వరుసగా నాలుగు భాగాలు దాటి, దాదాపు ఉంగరంలా చుట్టుకుని ఉంది.

మచ్చ ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, గోడలో ఏ పొరలో ఉందన్నదీ అంతే ముఖ్యం. రక్తనాళం మూసుకుపోతే కండరం లోపలి పొర నుంచి చచ్చుకుంటూ బయటికి వస్తుంది. అందుకే గుండెపోటు మచ్చ లోపలి పొరను వదిలిపెట్టదు. ఈయనలో లోపలి పొర శుభ్రంగా ఉంది. కాబట్టి ఇది రక్తనాళాల జబ్బు కాదు. మిగిలినవి మూడు: పాత మయోకార్డైటిస్ (గుండె కండరానికి వచ్చే వాపు), సార్కాయిడోసిస్ (అవయవాల్లో వాపు గడ్డలు కట్టే జబ్బు), జన్యుపరమైన కండర జబ్బు.

సార్కాయిడోసిస్‌కు వైద్యం పూర్తిగా వేరు, స్టెరాయిడ్లు వాడాలి. కాబట్టి అది కాదని తేల్చుకోవడం అవసరం. ముందు రోజు పిండి పదార్థాలు లేని భోజనం, ఆ తర్వాత ఉపవాసంతో గుండె గ్లూకోజు వాడకాన్ని తగ్గించి పెట్ స్కాన్ చేశాం. అప్పుడు వాపు ఉన్న చోటే గ్లూకోజును పట్టుకుంటుంది, ఈయనలో ఎక్కడా ఆ పట్టు లేదు. సార్కాయిడోసిస్‌లో తరచుగా కనిపించే ఏ-వి బ్లాక్ (పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు సరిగ్గా అందకపోవడం) ఆనవాళ్లు కూడా ఈసీజీలో లేవు. ఉంగరం పోలిక, మేనమామ, ట్రోపోనిన్ పెరిగిన ఆ పాత ఛాతీ నొప్పి, ఈ మూడూ కలిపి జన్యు పరీక్షకు పంపాం. డెస్మోప్లాకిన్ జన్యువులో ప్రోటీన్‌ను మధ్యలోనే ఆపేసే మార్పు దొరికింది. గుండె కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే అతుకుల్లో ఉండే ప్రోటీన్ అది. ఈ జబ్బులో మచ్చ ముందు వస్తుంది, పంపింగ్ తగ్గడం తర్వాత. మధ్యమధ్యలో మయోకార్డైటిస్ లాగే నొప్పి, ట్రోపోనిన్ పెరుగుదల వచ్చి పోతుంటాయి. వైరస్ అని సరిపెట్టుకున్న ఆ పాత ఘటనకు అర్థం ఇప్పుడు దొరికింది.

ఐసీడీ పెట్టాలా వద్దా

ఐసీడీ (ప్రమాదకరమైన లయ వస్తే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో పెట్టే పరికరం) అనగానే అందరికీ గుర్తొచ్చే అంకె 35. 2002లో మేడిట్ 2, 2005లో ఎస్‌సీడీ హెఫ్ట్ ట్రయల్స్ ఫ్రాక్షన్ 30, 35 శాతానికి మించని రోగులను తీసుకుని ఐసీడీ ప్రాణాలు కాపాడుతుందని చూపించాయి. ఆ ట్రయల్స్‌లో చేరడానికి పెట్టిన హద్దు క్రమంగా వైద్యానికే హద్దు అయిపోయింది. 2016లో డానిష్ ట్రయల్, గుండెపోటు కారణం కాని గుండె బలహీనతలో ఐసీడీ హఠాన్మరణాలను తగ్గించినా మొత్తం మరణాలను చెప్పుకోదగ్గంత తగ్గించలేదని చూపించింది. అంటే ఈ రకం జబ్బుల్లో ఫ్రాక్షన్ ఒక్కటే చూసి పరికరం ఎవరికి అవసరమో ఎంచడం మొద్దు కత్తితో కోయడమే. 2022 నాటి యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు ఇలాంటి రోగుల్లో ఫ్రాక్షన్ 50 కన్నా తక్కువై, స్పృహ తప్పడం, ఎమ్మారైలో మచ్చ, కొన్ని ప్రత్యేక జన్యువుల్లో మార్పు లాంటి వాటిలో కనీసం రెండు ఉంటే ఐసీడీ గురించి ఆలోచించమన్నాయి. మసక ఎమ్మారై దగ్గరే ఆగిపోయి ఉంటే మా దగ్గర ఉండేది స్పృహ తప్పడం ఒక్కటే.

ఎదుటి తక్కెడ కూడా తేలిక కాదు. నలభైల్లో ఉన్న మనిషికి ఐసీడీ అంటే బ్యాటరీ కోసం చాలాసార్లు మార్పిడి, ఇన్ఫెక్షన్ భయం, వైర్లు పాడవడం, అనవసరపు షాకులు. ఇవన్నీ ఆయనకూ, ఆయన భార్యకూ చెప్పి, ఆలోచించుకుని రమ్మన్నాం. పెట్టించుకుంటామన్నారు.

చర్మం కింద పెట్టే రకం ఎందుకు వద్దనుకున్నామంటే, మచ్చ చుట్టూ తిరిగే టాకికార్డియాను (అతివేగపు లయను) వేగంగా పేస్ చేసి, అంటే చిన్న విద్యుత్ సంకేతాలతో గుండెను కొట్టించి, షాక్ లేకుండానే ఆపవచ్చు. ఆ పని దానితో కుదరదు. నరంలోంచి వైరు వెళ్లే రకమే పెట్టాం. మేడిట్ ఆర్‌ఐటీ ట్రయల్ 2012లో చూపించిన దారిలో, ఎక్కువ వేగం దాటితేనే, కాసేపు చూశాకే స్పందించేలా ప్రోగ్రామ్ చేశాం. ఎమ్మారైని ఐసీడీకి ముందే గట్టిగా పూర్తి చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎడమ ఛాతీలో ఆ పెట్టె కూర్చున్నాక దాని నీడ ఎడమ జఠరిక మీదే పడుతుంది. ఆ నీడను తగ్గించే వైడ్‌బ్యాండ్ పద్ధతులు ఉన్నాయి, కానీ అన్నిచోట్లా లేవు.

తర్వాత

బీటా బ్లాకర్‌తో వీపీసీలు 6 శాతానికి దిగాయి. ఫ్రాక్షన్ 50 లోపు ఉంది కాబట్టి గుండె మీద భారం తగ్గించే ఏసీఈ ఇన్‌హిబిటర్ కూడా ఇస్తున్నాం. మళ్లీ స్పృహ తప్పలేదు. ఐసీడీ ఇప్పటిదాకా షాక్ ఇవ్వలేదు. ఒక రాత్రి వచ్చిన వేగవంతమైన వరుస, పరికరం కలగజేసుకునేలోపే తనంతట తాను ఆగింది. ఐసీడీ ఆయన ప్రాణం కాపాడిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ "గట్టి దెబ్బ" ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తూనే ఉందంటాడు. ఏ బాధతో మొదట డాక్టరు దగ్గరికి వెళ్లాడో అది పూర్తిగా పోలేదు, ఎవరూ అడగని రిస్క్‌కు మాత్రం వైద్యం జరిగింది. రోగికి ఇది వివరించడం అంత తేలిక కాదు.

నా అలవాట్లలో ఒకటి మారింది. లయ తప్పిన గుండెకు స్కాన్ రాసేటప్పుడు ఫారంలో "వీపీసీలు, కార్డియాక్ ఎమ్మారై" అని రాసి వదిలెయ్యను. వీపీసీలు ఏ గోడ నుంచి వస్తున్నాయని ఈసీజీ చెబుతోందో, ఏ మచ్చ కోసం వెతుకుతున్నామో, స్కాన్ రోజున లయ ఎలా ఉండబోతుందో రాస్తాను. బొమ్మ కుదరకపోతే "మచ్చ లేదు" అని కాకుండా "చెప్పలేం" అని రాయమని అడుగుతాను.

అలాగని వీపీసీలు ఉన్న ప్రతివాళ్లనూ ఎమ్మారైకి పంపడం లేదు. ఆకారం అమాయకంగా ఉండి, వ్యాయామంతో తగ్గిపోయి, మామూలు బీట్ల ఈసీజీ శుభ్రంగా ఉండి, స్పృహ తప్పడం గానీ కుటుంబంలో హఠాన్మరణం గానీ లేకపోతే, బాగా చేసిన ఎకో చాలావరకు సరిపోతుంది. అనవసరంగా చేస్తే వేరే తలనొప్పి. దూరం పరిగెత్తేవాళ్లలో కుడి జఠరిక మధ్యగోడకు అతుక్కునే చోట చిన్న మచ్చ తరచుగా కనిపిస్తుంది. దానికి ఈ కేసులోని మచ్చకున్నంత అర్థం లేదు. కానీ రిపోర్టులో "మచ్చ" అన్న మాట చూసిన మనిషికి ఆ తేడా చెప్పి నమ్మించడం చాలా కష్టం.

కుటుంబంలో జన్యు పరీక్షలు చేశాం. తల్లిలో అదే మార్పు ఉంది, డెబ్బై దాటినా ఏ ఇబ్బందీ లేదు. ఆయన కొడుకులో లేదు, కాబట్టి ఈ జబ్బు కోసం అతనికి ఏటేటా పరీక్షలు అక్కర్లేదు. చెల్లెలిలో ఉంది. ఆమె ఎకో, ఈసీజీ మామూలే, ఫ్రాక్షన్ 60, హోల్టర్‌లో పదుల్లో వీపీసీలు. ఎమ్మారైలో పక్కగోడ బయటి పొరలో సన్నని గీత, అంతకుమించి లేదు. "అన్నయ్యకు పెట్టారు కదా డాక్టర్ గారూ, నాకెందుకు వద్దంటున్నారు?" అని అడిగింది. అన్నయ్యకు మచ్చతో పాటు స్పృహ తప్పడం, ఫ్రాక్షన్ తగ్గడం, వరుస వీపీసీలు కూడా ఉన్నాయని, ఆమెలో ఈరోజుకు మచ్చ ఒక్కటే ఉందని, ఆ ఒక్కదానికి ఐసీడీ వల్ల వచ్చే హాని ఎక్కువని చెప్పాను. కష్టమైన వ్యాయామం వద్దన్నాం. ఏటా హోల్టర్, ట్రెడ్‌మిల్, ఎకో చేస్తున్నాం. గీత పెరుగుతోందేమో చూడటానికి కొన్నేళ్లకొకసారి ఎమ్మారై, పోయినసారి వాడిన అదే పద్ధతిలో. ఛాతీ నొప్పి వచ్చినా, ఒక్కసారి కళ్లు తిరిగినా ఆ గడువు దాకా ఆగకుండా వెంటనే రమ్మన్నాం.